వ్యక్తిగత కారణాల వల్ల

"తుది ఎంపికలో మీరు ఉత్తీర్ణులయ్యారు. అభినందనలు."

ఈ కబురు వచ్చేసరికి మేమిద్దరం రేవు బజారులో చేప ఆకారపు తీపి బన్నుల బండి దగ్గర నిలబడి ఉన్నాం. సంగ్మో ఫోను తీసి చదివాడు. తల ఎత్తి సముద్రం వైపు చూశాడు. మళ్ళీ చదివి, ఫోను నా చేతిలో పెట్టాడు. నేను చదివాను. ఇనప అచ్చుల్లోంచి అప్పుడే ఊడివస్తున్న వేడి వేడి బన్ను చేపల్ని చూస్తూ, "ఆరు ఇవ్వండి!" అని అరిచాను. ఎప్పుడూ మూడే తీసుకుంటాం.

"ఏమ్మా, నెల తప్పావా?" అంది బండావిడ.

"కాదండీ, మా ఆయనకి ఉద్యోగం వచ్చింది!"

"ఈ ఊళ్ళోనా?" ఆవిడ పిండి పోస్తున్న చెయ్యి ఆగిపోయింది. మా టొంగ్‌యంగ్‌లో అప్పటికి నెల తప్పడం కంటే అదే పెద్ద వింత.

"పక్క ఊళ్ళో. బస్సులో ఇరవై అయిదు నిమిషాలు."

"అయితే ఏడోది నా తరఫున. తీసుకో."

సంగ్మో బన్ను చేపని తోకవైపు నుంచి తింటాడు, నేను తలవైపు నుంచి. పెళ్ళయి ఇంకా వందరోజులు కాలేదు. ఇలాంటిది ఒకటి కనిపెట్టినప్పుడల్లా నాకు ఆ రోజంతా పండగలా ఉంటుంది. అతను నిద్రలో పైపుల కొలతలు చెబుతాడు. స్నానం చేసి చెవులు తుడుచుకోడు. "యోబో" అని పిలిస్తే మెడదాకా ఎర్రబడతాడు. మొగుడూ పెళ్ళాలు పిలుచుకునే ఆ మాట నోటికి అలవాటు కావాలని నేను పెళ్ళికి ముందు స్నానాలగదిలో అద్దం ముందు సాధన చేశాను. తీరా పిలిస్తే అచ్చం మా అమ్మ గొంతులా వచ్చింది.

"యోబో," అన్నాను నోటినిండా ఎర్ర అలసందల పూర్ణంతో, "ఇంక రోజూ రాత్రి భోజనానికి ఇంట్లోనే ఉంటావన్నమాట."

"ఉంటాను. నీ చారు ఎలా ఉన్నా ఉంటాను," అన్నాడు.

సంగ్మో ఓడల్లో పైపులు ఎక్కడెక్కడ వెళ్ళాలో డ్రాయింగులు గీసేవాడు. ఎనిమిదేళ్ళు ఒకే కంపెనీలో గీశాడు. మా పెళ్ళయిన పన్నెండో రోజున ఆ ఉద్యోగం పోయింది. కొత్త ఓడల ఆర్డర్లు లేక మా ఊళ్ళో ఓడలు కట్టే యార్డులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. మనుషులు పిల్లాపాపలతో వెళ్ళిపోయారు. నేను పిల్లలకి చదవడం, రాయడం నేర్పే చిన్న ట్యూషన్ సెంటర్లో చెబుతాను. నిరుడు నా గదిలో పంతొమ్మిది మంది ఉండేవారు. ఈ జనవరికి నలుగురు మిగిలారు. ఫిబ్రవరి తర్వాత సెంటర్ ఉండదని ఓనరమ్మ ముందే చెప్పేసింది.

వెళ్ళినవాళ్ళలో చాలామంది ఎక్కడో దూరాన ఉన్న ప్యోంగ్‌టెక్ వెళ్ళారు. అక్కడ ఏదో పెద్ద ఫ్యాక్టరీ కడుతున్నారు, ఎంతమంది వచ్చినా చాలడం లేదట. అలా వెళ్ళినవాడే, సంగ్మోతో కలిసి పనిచేసిన హక్సు అని, అతని కంటే మూడేళ్ళు పెద్దవాడు, రెండురోజులకోసారి ఫోను చేసేవాడు. "వచ్చెయ్యరా తమ్ముడూ. గీసే పని లేదు, మోసే పని ఉంది. గదికి ఆరుగురం. గురక అలవాటైతే ఇక ఏ బాధా లేదు." నెలకి రెండు ఆదివారాలు మాత్రమే ఇంటికి రావచ్చట. అక్కడ ఆలుమగలు ఉండడానికి గది దొరకడం కల్ల.

కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరు మల్సున్ పిన్ని ఈ మాట విని పకపకా నవ్వింది. "పిచ్చిపిల్లా, మొగుడు నెలకి రెండుసార్లే ఇంటికి రావాలంటే మూడు తరాలు పుణ్యం చేసుకుని పుట్టాలే! నా మొగుడు నలభై ఏళ్ళు రోజూ ఇంటికొచ్చాడు. నా గతి ఏమైందో నువ్వే సూడు."

ఊళ్ళో ఆడవాళ్ళందరూ అనే జోకే. నేనూ నవ్వాను. మేడ మెట్లు ఎక్కుతూ ఏడ్చాను.

ఫిబ్రవరి ఆఖరుదాకా ఇక్కడ వెతుకుదామని, దొరక్కపోతే అతను ప్యోంగ్‌టెక్ వెళ్ళాలని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. అందుకని పదిహేడు అర్జీలు పెట్టాడు. ప్రతి అర్జీకీ, 'మీ గురించి మీరే రాయండి' అని ఒక పేజీ ఉంటుంది. అది నా చేత దిద్దించుకునేవాడు. 'నేను నిజాయితీగల తండ్రికి, కష్టజీవి అయిన తల్లికి జన్మించాను' అని మొదలుపెడితే కొట్టేసేదాన్ని. "అందరూ అలాగే జన్మిస్తారు, ఇంకేదైనా చెప్పు" అంటే, గంట ఆలోచించి, 'నేను గీసిన పైపు ఇంతవరకూ ఎక్కడా కారలేదు' అని రాశాడు. ఆ వాక్యం చదివి నేను అతన్ని ముద్దు పెట్టుకున్నాను. ఫొటో స్టూడియోవాడు వట్టి బనియనుతో కూర్చోబెట్టి ఫొటో తీసి, కంప్యూటర్లో నల్ల సూటు, నీలం టై వేసి ఇచ్చాడు. ఎవరిదో ఆ సూటు, భుజాలు మాత్రం భలే కుదిరాయి.

పదహారు చోట్ల నుంచి జవాబే లేదు. పదిహేడోది ఓడ ఇంజన్లు బాగుచేసే చిన్న కంపెనీ. పిలిచారు, మాట్లాడారు, తీసుకున్నారు.

మర్నాడు నేను పొద్దున్నే బజారుకి వెళ్ళి పెట్టెడు బియ్యపు కేకులు ఆవిరి మీదుండగానే తెచ్చాను. మా కొండ వీధిలో తొమ్మిది ఇళ్ళకీ పళ్ళాల్లో పెట్టి పంచాను. కాగితాలన్నీ ఇచ్చాక పంచుదువుగాని అన్నాడు సంగ్మో. చల్లారితే గట్టిపడిపోతాయి అన్నాను. నిజానికి నాకు ఆ తొమ్మిది తలుపులూ తట్టి "మా ఆయనకి ఉద్యోగం వచ్చిందండీ" అని తొమ్మిదిసార్లు చెప్పాలని ఉంది. చెప్పాను.

సోమవారం కాగితాలు ఇచ్చి వచ్చాడు. బుధవారం మధ్యాహ్నం ఆ కంపెనీ నుంచి ఫోను వచ్చింది. అతను ఉతికిన దుప్పటి పిండుతున్నాడు, రెండో కొస నేను పట్టుకున్నాను. ఫోను స్పీకర్లో పెట్టాడు. నా వయసు అమ్మాయి గొంతు.

"తక్ సంగ్మో గారూ, చిన్న సందేహం. పాత ఉద్యోగం వదలడానికి కారణం 'వ్యక్తిగత కారణాలు' అని ఉంది. పొరపాటేమో అని..."

"లేదండీ, అలాగే రాసిచ్చాను."

"కంపెనీవాళ్ళు తీసెయ్యలేదా మిమ్మల్ని?"

సంగ్మో దుప్పటి వైపు చూశాడు. "తీసేసినట్టే."

 తర్వాత ఆ అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. ఆ పోస్టు ఓడల యార్డుల్లో తొలగించిన వాళ్ళ కోసం ప్రభుత్వం సాయం చేస్తున్న పోస్టట. తొలగించారని కాగితం ఉంటేనే ఆ సాయం వస్తుంది, సాయం వస్తేనే ఆ పోస్టు ఉంటుంది. "మా డైరెక్టరుగారికి మీరు బాగా నచ్చారండీ. పాత కంపెనీవాళ్ళు కారణం మార్చి మళ్ళీ పంపితే చాలు. శుక్రవారం లోపు."

రాజీనామా అంటే అందరూ రాసేది ఆ ఒక్క వాక్యమే. కోపంతో పోయేవాడూ అదే రాస్తాడు, గెంటేస్తే పోయేవాడూ అదే రాస్తాడు. ఇంకోలా రాస్తే మర్యాద కాదు. దానివల్ల నిరుద్యోగ భృతి రాదని మాకు నవంబరులోనే తెలిసింది. పోయింది అదొక్కటే అనుకున్నాం.

పైగా ఆ కాగితం సంగ్మో ముందు పెట్టినది బాన్ మేనేజరుగారు. ముగ్గుర్ని తగ్గించమని ఆయనకి పైనుంచి ఆజ్ఞ వచ్చింది. పిల్లలున్నవాళ్ళని ఉంచేశారు. "నీకింకా పిల్లలు లేరు కదా సంగ్మో. అందరూ రాసేట్టే రాసివ్వు" అన్నారట. పన్నెండు రోజుల ముందు మా పెళ్ళి జరిపించిన పెద్దమనిషి ఆయనే. తెల్ల చేతిజోళ్ళు వేసుకుని వేదిక మీద నిలబడి, ఇరవై రెండు నిమిషాలు ఉపన్యసించి, భోజనాలు చల్లారబెట్టి, మా ఇద్దరి చేతా ప్రమాణం చేయించారు. అలాంటి మనిషి కాగితం ఇస్తే ఎందుకని ఎలా అడుగుతాడు? సంగ్మో చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ముత్యాల్లా రాసిచ్చాడు.

గురువారం ఇద్దరం ఆయన దగ్గరికి బయల్దేరాం. పెళ్ళి జరిపించిన పెద్దకి, హనీమూన్ నుంచి రాగానే కానుక పట్టుకెళ్ళి నమస్కారం చెయ్యాలి. మేము చెయ్యలేదు. మన ఉద్యోగం తీసేసిన మనిషి ఇంటికి కానుకతో ఎలా వెళ్ళడమని అప్పుడు ఊరుకున్నాం. ఇప్పుడు వెళ్ళాల్సివచ్చింది. మంచి రకం ఎండు నెత్తళ్ళ డబ్బా ఒకటి కొని, రంగు గుడ్డలో మూట కట్టాను.

మెట్లు దిగుతుంటే ఎదురింటి ముసలమ్మ నా పళ్ళెం వెనక్కి తెచ్చింది. పళ్ళెం ఖాళీగా ఇవ్వకూడదు కదా, నిండా ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళు పెట్టింది. "ఎప్పట్నించి అబ్బాయి డ్యూటీ?" అని అడిగింది.

"తొందర్లోనే, మామ్మా," అన్నాను. అప్పటికి నాలుగు పళ్ళాలు వచ్చాయి. ముల్లంగి పచ్చడి, నువ్వుల నూనె, సముద్రపు నాచు, ఇవి. ఇంకా అయిదు రావాలి.

సంగ్మో పాత యార్డు గేటు దగ్గర కాపలావాడు లేడు. ఆఫీసులో నలభై డ్రాయింగు బల్లలు, వాటి మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. కిటికీ పక్కన బాన్ గారు కుండీలకి నీళ్ళు పోస్తున్నారు. వెళ్ళిపోయిన వాళ్ళ మొక్కలన్నీ ఆయనే తెచ్చి అక్కడ పెట్టుకున్నారట.

"రండి రండి! కొత్త పెళ్ళికూతురు బుగ్గలు చూడు, మూడు నెలల్లో ఎలా నిండాయో. వీడికి కూడు పెడుతున్నావా, అంతా నువ్వే తినేస్తున్నావా?"

"ఆయనకే పెడుతున్నానండీ, ఆయన తినరు."

"తినడు. వాడు డ్రాయింగు ముందు కూర్చుంటే మనం మధ్యాహ్నం అయిందని చెప్పాలి. నీదే సంగ్మో అది, గుర్తుపట్టావా?" అని ఒక మొక్క చూపించారు. నాలుగు కొత్త ఆకులు వేసింది.

కూర్చున్నాం. కాఫీ కలిపి ఇచ్చారు. సంగ్మో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎక్కడా తడబడకుండా అంతా చెప్పాడు. పోస్టు గురించి, కాగితం గురించి, శుక్రవారం గురించి. వింటున్నంతసేపూ ఆయన తల ఊపుతూనే ఉన్నారు. నాకు ఆశ పుట్టింది. ఆయన తల ఊపే మనిషని, అన్నింటికీ అలాగే ఊపుతారని సంగ్మో ఎప్పుడో చెప్పాడు, మర్చిపోయాను.

"నేను అది మార్చలేనయ్యా," అన్నారు చివరికి.

సంగ్మో తన మొక్క వైపు చూశాడు.

"మనుషుల్ని తియ్యకుండా ఉంచుకుంటున్నామని చూపిస్తేనే మాకు ప్రభుత్వం నుంచి జీతాల సాయం వస్తోంది. నిన్ను తీసేశామని ఒక్క ముక్క రాస్తే అది రేపే ఆగిపోతుంది, ఇచ్చింది కూడా కట్టమంటారు. ఇక్కడ ఇంకా పదకొండు మందిమి ఉన్నాం. పేర్లు నీకు తెలుసు. వాళ్ళ పిల్లల పేర్లు కూడా నీకు తెలుసు."

"తెలుసండీ."

నేను అనకూడదు. అయినా అనేశాను. "కానీ నిజం అదే కదండీ? మీరే తీసేశారు కదా?"

సంగ్మో నా మోచెయ్యి పట్టుకున్నాడు. బాన్ గారు కప్పు కింద పెట్టారు.

"నిజమేనమ్మా. నేనే తీసేశాను. వీడైతే ఎదురు అడగడని తెలిసే వీడి ముందు పెట్టాను. పెళ్ళి చేయించింది నేను కదా, నా మాట కాదనడని తెలుసు." ఆయన నా వైపే చూస్తూ చెప్పారు. "ఆ పదకొండు మందిలో నేనూ ఉన్నాను. అది కూడా చెబుతున్నాను, నేనేదో త్యాగం చేస్తున్నానని నువ్వు అనుకోకూడదు."

తర్వాత బల్ల సొరుగు లాగి ఒక కాగితం తీసి సంగ్మోకి ఇచ్చారు. నేను పక్కనుంచి చదివాను. బాన్ గారి పేరు, ఆయన హోదా, కింద 'వ్యక్తిగత కారణాల వల్ల' అనే ఆ వాక్యమే. తేదీ దగ్గర మార్చి అని మాత్రం రాసి, మిగతాది వదిలేశారు.

"ఇల్లాలికి ఇంకా చెప్పలేదు," అన్నారు.

సంగ్మో ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "మీరు ఇలా రాయకండి సార్."

"ఇంకేం రాయమంటావురా?"

"తీసేశారని రాయండి. భృతి అయినా వస్తుంది."

"నన్ను తీసేసేది ఎవడు? ఈ కాగితాల మీద ముద్ర వేసేది నేనే కదరా!" అని బాన్ గారు పెద్దగా నవ్వారు. ఆ ఖాళీ గదిలో ఆ నవ్వు ఎంతసేపటికీ పోలేదు. మేము కూడా కొంచెం నవ్వాం. ఏడవడానికి అది మంచి చోటు కాదు.

నెత్తళ్ళ డబ్బా వద్దంటే వద్దన్నారు. తీసుకోమని మేము, వద్దని ఆయన, గుమ్మం దాకా తోసుకున్నాం. చివరికి సంగ్మో దాన్ని తన పాత డ్రాయింగు బల్ల మీద, గుడ్డ కింద పెట్టి వచ్చేశాడు.

బస్టాపులో ఆ అమ్మాయికి ఫోను చేశాడు. కుదరలేదని చెప్పి, శ్రమ ఇచ్చినందుకు క్షమించమన్నాడు. ఆవిడ కూడా క్షమించమంది. జాబితాలో తర్వాతి మనిషికి ఇప్పుడే కబురు పెడతానంది. ఇద్దరూ ఒకరికొకరు అన్నిసార్లు క్షమాపణ చెప్పుకుంటుంటే, బల్ల మీద కూర్చున్న ముసలాయన ఎవరో పోయారనుకుని జాలిగా నాలిక చప్పరించాడు.

బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. వంతెన మీద నుంచి చూస్తే సముద్రంలో తినే గుల్లల్ని పెంచే తెప్పలు వరసగా, నీటి మీద తేలే తెల్లని బంతులతో, ఎండలో మెరుస్తున్నాయి. చాలా అందంగా ఉన్నాయి. అతనికి చూపించబోయి అతని మొహం చూశాను. తలలో ఏదో కొలుచుకుంటున్నట్టు పెదాలు కదుపుతున్నాడు.

"ఏమిటి లెక్కపెడుతున్నావు?"

"ఇంట్లో బిగించాల్సినవి. స్నానాలగది కుళాయి, గ్యాసు గొట్టం, కిటికీ గొళ్ళెం. నేను వెళ్ళేలోపు చెయ్యాలి."

నెలాఖరుదాకా గడువుంది కదా అన్నాను. పద్దెనిమిదో అర్జీ పెడదాం, పంతొమ్మిదోది పెడదాం అన్నాను. ఆ పేజీ నేను ఇంకా బాగా దిద్దుతానన్నాను.

"ప్రతిచోటా అదే కాగితం అడుగుతారు, సోదామ్," అన్నాడు. పెళ్ళయ్యాక అతను నన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. "ఇక్కడ ఇస్తున్నవన్నీ తీసేసినవాళ్ళ కోసం ఇస్తున్న ఉద్యోగాలే. నన్నెవరూ తియ్యలేదు. నేనే వచ్చేశాను. నా చేతిరాతే ఉంది."

ఇంటికి రాగానే హక్సుకి ఫోను చేశాడు. నేను వంటింట్లో బియ్యం కడుగుతూ విన్నాను. అతని మాటలు తక్కువ. "అలాగే అన్నా. అలాగే. బూట్లున్నాయి. లేదు, హెల్మెట్ అక్కడే తీసుకుంటాను." ఫోను పెట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపే రమ్మంటున్నాడు. పొద్దున ఏడింటి బస్సుకి. ఎల్లుండి పొద్దున భద్రత గురించి పాఠం చెబుతారట. అది వింటేనే లోపలికి రానిస్తారు. మళ్ళీ పాఠం పదిరోజులకి గానీ లేదట."

"మోయడమేనా?"

"మోయడమే. పైపులే," అన్నాడు. కాస్త నవ్వే ప్రయత్నం చేశాడు.

నేను చేతులు తుడుచుకుని కిందికి వెళ్ళాను. మల్సున్ పిన్ని గడపలో కూర్చుని నడుముకి మందు పట్టీ అంటించుకోవాలని చూస్తోంది, చెయ్యి అందడం లేదు. నేను అంటించాను. ఆవిడ గుల్లల్లోంచి మాంసం ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. నన్ను కూడా పనిలోకి తీసుకుంటారేమో అడిగాను. సెంటర్లో మిగిలిన నలుగురికీ నెలాఖరుదాకా ఓనరమ్మే చెప్పుకోగలదు.

పిన్ని నా చేతులు తిప్పి తిప్పి చూసింది. "సుద్దముక్క పట్టుకునే చేతులు. సలికి పగిలిపోతాయే. వానలా కారిపోద్ది ముక్కు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే."

"నిలబడతాను."

"నా పక్క బల్లది నిన్న నడుం పట్టేసి పడిపోయింది. దాని సోటు కాళీగా ఉంది. కావాలంటే రేపే రావాలి, ఎల్లుండికి ఇంకెవరో నిలబడతారు." ఆవిడ జోకులేమీ వెయ్యలేదు. పట్టీ మీద చొక్కా దించుకుని, "రబ్బరు బూట్లు నావి పాతవున్నాయి. రెండు మేజోళ్ళేసుకో," అంది.

పైకి వెళ్ళి సంగ్మోకి చెప్పాను. వద్దంటాడనుకున్నాను. అనలేదు. స్నానాలగదిలో కూర్చుని కుళాయి విప్పుతూ, "ఎన్నింటికి?" అని అడిగాడు.

"నాలుగున్నరకి వ్యాన్ వస్తుంది. మొదటిరోజు మధ్యలో వదలరట. నేను బస్టాండుకి రాలేను."

"మరి నాలుగింటికే లేవాలి," అన్నాడు. "నేనూ లేస్తాను. అన్నం నేను వండుతాను, ఇద్దరం తిందాం. నువ్వు వ్యాన్ ఎక్కాక నేను పెట్టె సర్దుకుంటాను. తాళంచెవి పిన్ని గడప మీద పెట్టి వెళ్తాను."

అలాగేనన్నాను. రేపు నాలుగింటికి లేవాలి.